తిరుత్తణి కుర్రవాడి తత్త్వశాస్త్రం ఎం.ఏ.



మన ఇళ్ళలో అబ్బాయో అమ్మాయో బి.ఏ. పూర్తిచేసి, "తత్త్వశాస్త్రంలో ఎం.ఏ. చేస్తాను నాన్నా" అంటే ఏం జరుగుతుందో మీకు తెలియనిది కాదు. తండ్రి కొంచెంసేపు మాట్లాడడు. తల్లి "అది చదివితే ఏ ఉద్యోగం వస్తుంది?" అని అడుగుతుంది. ఊరినుంచి వచ్చిన మేనమామ "వేదాంతం ముసలితనంలో చదువుకోవచ్చులే, ముందు బి.ఎడ్. చెయ్యి" అని తేల్చేస్తాడు. సరిహద్దు ఊళ్ళలో కాపురమున్న మనకు ఇంకో చిక్కు కూడా ఉంది. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష, పై చదువులో మూడో భాష. ఇన్ని భాషల మధ్య తిరిగే పిల్లవాడు బ్రహ్మమేది, మాయ ఏది అని ఏ భాషలో ఆలోచించాలి?

ఈ సందేహాలేవీ కొత్తవి కావు. నూట ఇరవై ఏళ్ళ కిందట మనవంటి సరిహద్దు ఊరి కుర్రవాడు ఒకడు ఈ చదువు చదివాడు. ఆయన తరవాత భారత రాష్ట్రపతి అయ్యారు. ఆయన పుట్టినరోజును 1962 నుంచి ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారి పదవుల సంగతి అందరికీ తెలిసినదే. అందుచేత ఈనాటి ప్రసంగంలో వాటి జోలికి ఎక్కువగా పోను. ఆయన ఎం.ఏ. చదువు సంగతే చెబుతాను.

ముందుగా ఊరి సంగతి. సర్వేపల్లి నెల్లూరు జిల్లాలోని గ్రామం. పూర్వీకులు ఎప్పుడో ఆ ఊరు విడిచి దక్షిణానికి వచ్చినా ఇంటిపేరుగా ఆ ఊరిని వెంట తెచ్చుకున్నారు. ఈ ప్రసంగం వింటున్న మీలో చాలామంది ఇంటిపేర్లలోను ఇలాగే, ముత్తాతలు వదిలివచ్చిన ఊరు ఒకటి దాగి ఉంటుంది. రాధాకృష్ణన్ 1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో పుట్టారు. తండ్రి వీరాస్వామిగారు జమీందారు కొలువులో రెవెన్యూ వ్యవహారాలు చూసే చిన్న ఉద్యోగి. తల్లి సీతమ్మగారు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, వీధిలోకి వెడితే తమిళం.

ఆ పిల్లవాడు తిరుత్తణిలో అక్షరాలు దిద్దుకున్నాడు. తిరుపతిలో లూథరన్ మిషన్ బడిలో చదివాడు. తరవాత వాలాజాపేట, ఆపైన వేలూరులోని ఊరిస్ కళాశాల. ఈనాడు పటం ముందు పెట్టుకుంటే ఈ నాలుగు ఊళ్ళ మధ్య రాష్ట్రాల ఎల్లలు కనబడతాయి. అప్పుడు ఆ నాలుగూ ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు తిరుత్తణి అందులో చేరింది. 1960 ఏప్రిల్ 1న సరిహద్దుల సవరణ జరిగి తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్ళింది. అప్పటికి రాధాకృష్ణన్‌గారు భారత ఉపరాష్ట్రపతి. ఊరు ఉన్నచోటనే ఉంది, గీత మాత్రం జరిగింది. ఇది మనకు అనుభవమైన విషయమే కాబట్టి ఎక్కువ చెప్పనక్కరలేదు.

1904లో ఆయన మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరారు. ఆ కళాశాల ఇప్పుడు తాంబరంలో ఉంది కాని, అక్కడికి మారింది 1937లో. అంతకుముందు అది నగరం నడుమ, జార్జిటౌన్ ప్రాంతంలో ఉండేది. అప్పటికే ఆయనకు వివాహమైంది. 1903లో శివకాముగారితో పెళ్ళి జరిగింది. ఇంటి స్థితి అంతంతమాత్రం. విద్యార్థి వేతనాల ఆధారంతోనే చదువు సాగుతున్నది.

ఇక బి.ఏ.లో ఏ విషయం తీసుకోవాలన్న ప్రశ్న వచ్చింది. గణితమా, భౌతికశాస్త్రమా, చరిత్రా, తత్త్వశాస్త్రమా? ఆ కుర్రవాడు ఇంకా తేల్చుకోలేదు. ఆ సమయంలో, అదే కళాశాలలో పట్టా పుచ్చుకున్న దగ్గరి బంధువు ఒకరు, తనకు ఇక అక్కరలేని పాఠ్యపుస్తకాలు ఈయనకు ఇచ్చేశారు. అవి తర్కం, మనస్తత్వశాస్త్రం, నీతిశాస్త్రం పుస్తకాలు. పుస్తకాలు చేతిలో ఉన్నాయి, కొనే ఖర్చు తప్పింది. తత్త్వశాస్త్రం తీసుకున్నారు. ఈ మాట రాధాకృష్ణన్‌గారే తరవాతి కాలంలో రాసుకున్నారు. పైకి చూస్తే ఇది కేవలం కాకతాళీయమే. కాని పేద ఇంటి పిల్లల చదువులు చాలాసార్లు ఇలాగే నిర్ణయమవుతాయి.

పట్టా చేతికి వచ్చాక ఎం.ఏ. కూడా అదే కళాశాలలో, అదే శాస్త్రంలో చేశారు. అప్పటి ఎం.ఏ. ఎలా ఉండేదో కొంచెం చెప్పాలి. మద్రాసు విశ్వవిద్యాలయం 1857లో ఏర్పడింది. మొదటి దశాబ్దాలలో అది ముఖ్యంగా పరీక్షలు పెట్టి పట్టాలిచ్చే సంస్థ. పాఠాలు చెప్పే పని అనుబంధ కళాశాలలది. తత్త్వశాస్త్రమంటే ప్రధానంగా పాశ్చాత్యుల తత్త్వశాస్త్రమే. ప్లేటో, కాంట్, హెగెల్ వంటివారికే పెద్దపీట. శంకరులు, రామానుజులు, నాగార్జునుడు పుట్టిన దేశంలో తత్త్వశాస్త్రం ఎం.ఏ. చదివే విద్యార్థికి వారిని పాఠంగా చెప్పే ఏర్పాటు దాదాపు లేనట్టే.

దీనికితోడు మరొక ఒత్తిడి ఉండేది. అది మిషనరీ కళాశాల. ఆచార్యులు గొప్ప పండితులు, విద్యార్థులను ప్రేమగా చూసేవారు. అయినా హిందూమతాన్ని నిశితంగా విమర్శించేవారు. జగత్తు మాయ అన్నప్పుడు మంచిచెడ్డలకు విలువ ఎక్కడ ఉంటుంది, అంతా కర్మఫలమే అయితే పక్కవాడి దుఃఖం తీర్చవలసిన బాధ్యత ఎవరికి అన్నవి వారి ఆక్షేపణలు. తిరుత్తణి కొండమీది సుబ్రహ్మణ్యస్వామికి దండం పెట్టుకుని పెరిగిన కుర్రవాడికి ఈ మాటలు గుచ్చుకున్నాయి. వాటివల్ల తన విశ్వాసం కదిలిపోయిందని, సంప్రదాయపు ఆధారాలు ఊగిసలాడాయని ఆయన దాచకుండా చెప్పుకున్నారు.

అటువంటప్పుడు మనిషికి సాధారణంగా రెండు దారులు కనిపిస్తాయి. విమర్శించినవారిమీద కోపం పెంచుకుని చెవులు మూసుకోవడం ఒకటి. వారు చెప్పినదే నిజమని తలవంచడం రెండవది. రాధాకృష్ణన్ ఈ రెండూ చేయలేదు. ఆ ఆక్షేపణనే ఎం.ఏ.లో తన పరిశీలనకు విషయంగా తీసుకున్నారు. ఎం.ఏ. పట్టాకోసం సమర్పించవలసిన సిద్ధాంత వ్యాసానికి వేదాంతంలోని నీతి, దానికి ఆధారమైన తాత్త్విక భావనలు అన్నది విషయం. వేదాంతంలో నీతికి చోటు లేదన్న వాదం సరికాదని నిరూపించడం అందులోని ప్రయత్నం. ఎదుటివారు వాడిన తర్కాన్నే వాడి, వారి భాషలోనే జవాబు చెప్పారు.

ఆ వ్యాసాన్ని చదవవలసినవారు ఎవరు? తత్త్వశాస్త్రం ఆచార్యులు ఆల్ఫ్రెడ్ జార్జి హాగ్. ఆయన స్వయంగా కర్మ సిద్ధాంతాన్ని విమర్శిస్తూ రాసిన పండితుడు. ఆ విషయంమీద ఆయన పుస్తకం 1909లో వెలువడింది. గురువుగారు ఏమనుకుంటారో అని శిష్యుడు భయపడ్డాడు. భయపడినట్టు జరగలేదు. ఈ విద్యార్థి తాత్త్విక సమస్యల ముఖ్యాంశాలను చక్కగా గ్రహించాడని, చిక్కు వాదాన్ని కూడా సులువుగా నడపగలడని హాగ్‌గారు మెచ్చుకుంటూ ప్రశంసాపత్రం రాసి ఇచ్చారు. 1908లో వ్యాసం పుస్తకంగా అచ్చయింది. అప్పటికి రచయిత వయస్సు ఇరవై ఏళ్ళు.

శ్రోతలారా, ఈ ప్రసంగంలో నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఈ ఘట్టమే. గురువు శిష్యుడి విశ్వాసాన్ని ప్రశ్నించాడు. శిష్యుడు గురువు మాటను ప్రశ్నించాడు. గురువు మనసు మార్చుకోలేదు, శిష్యుడు మతం మార్చుకోలేదు. అయినా మార్కులు వేసే చెయ్యి వణకలేదు. విశ్వవిద్యాలయపు చదువు అని దేన్ని అంటామో అది అక్కడ జరిగింది.

అయితే పట్టా వచ్చినంత మాత్రాన కష్టాలు తీరలేదు. పై చదువుకు ఆక్స్‌ఫర్డు వెళ్ళే స్తోమత ఆ కుటుంబానికి లేదు. 1909లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చిన్న ఉద్యోగం దొరికింది. ప్రభుత్వ విద్యాశాఖలో నిలదొక్కుకోవాలంటే తత్త్వశాస్త్రం ఎం.ఏ. ఒక్కటీ చాలలేదు, ఉపాధ్యాయ శిక్షణ కూడా కావలసివచ్చింది. 1910లో సైదాపేట శిక్షణ కళాశాలకు వెళ్ళారు. చూశారా, ఇందాక మనం చెప్పుకున్న మేనమామ మాట రాధాకృష్ణన్‌గారికీ తప్పలేదు! అక్కడ ఆయన తోటి శిక్షణార్థులకే మనస్తత్వశాస్త్రం పాఠాలు చెప్పారు. ఆ పాఠాలు 1912లో చిన్న పుస్తకంగా వచ్చాయి.

ఎం.ఏ.లో ఎవరూ చెప్పని ఉపనిషత్తులను, భగవద్గీతను, బ్రహ్మసూత్ర భాష్యాలను, బౌద్ధ జైన గ్రంథాలను ఆయన శ్రద్ధగా చదువుకున్నది ఈ ఉద్యోగ కాలంలోనే. అంటే పట్టా వచ్చాక అసలు చదువు మొదలైందన్నమాట. అనంతపురం, రాజమహేంద్రవరాలలో పనిచేసి, 1918లో మైసూరు మహారాజా కళాశాలకు ఆచార్యులుగా వెళ్ళారు. అక్కడ సంస్కృత పండితులు హిరియణ్ణగారి సాహచర్యం లభించింది. 1921లో కలకత్తా విశ్వవిద్యాలయం పిలిచినప్పుడు మైసూరు విద్యార్థులు పూలతో అలంకరించిన బండిలో ఆయనను కూర్చోబెట్టి, గుర్రాలకు బదులు తామే లాగుతూ రైలుస్టేషనుకు తీసుకువెళ్ళారు. కన్నడ దేశంలో ఒక తెలుగు ఆచార్యుడికి జరిగిన గౌరవం అది. 1923లోను, 1927లోను ఆయన భారతీయ తత్త్వశాస్త్ర గ్రంథం రెండు సంపుటాలుగా వెలువడింది. విదేశంలో ఏ పరీక్షా రాయని ఈ మద్రాసు ఎం.ఏ. 1936లో ఆక్స్‌ఫర్డులో స్పాల్డింగ్ ఆచార్య పీఠంమీద కూర్చున్నారు. విద్యార్థిగా వెళ్ళలేకపోయిన చోటికి గురువుగా వెళ్ళారు.

ఆయన సిద్ధాంతాలను అందరూ ఒప్పుకోలేదు. పడమటివారి ప్రశ్నలకు సమాధానం చెప్పవలసిన తొందరలో వేదాంతాన్ని వారికి నచ్చే రూపంలో మలిచారని కొందరు విమర్శకులు అన్నారు. అందులో కొంత నిజం లేకపోలేదు. తగిలిన దెబ్బకు జవాబుగా మొదలైన చదువు ఆ దెబ్బ గుర్తును చివరిదాకా మోస్తుంది.

మరొక వెలితి మనకు సంబంధించినది. ఆయన ప్రసిద్ధ గ్రంథాలన్నీ ఇంగ్లీషులో ఉన్నవే. ఇక్కడ ఇంకొక సరిహద్దు తెలుగువారిని తలుచుకోవాలి. చిత్తూరు దగ్గర కట్టమంచిలో పుట్టిన రామలింగారెడ్డిగారు కూడా అదే మద్రాసు క్రైస్తవ కళాశాల విద్యార్థి, రాధాకృష్ణన్‌గారికి కొన్నేళ్ళు ముందువారు. విద్యార్థిగా ఉండగానే తెలుగులో 'ముసలమ్మ మరణము' కావ్యం రాశారు. కేంబ్రిడ్జిలో చదివివచ్చి, మైసూరులో పనిచేస్తూ, 1916లో మైసూరు విశ్వవిద్యాలయం ఏర్పడడానికి కృషిచేసినవారిలో ఒకరయ్యారు. ఇంగ్లీషులో నేర్చిన విమర్శ పద్ధతిని తెలుగులోకి తెచ్చి 1914లో 'కవిత్వతత్త్వవిచారము' ప్రకటించారు. ఒకరు మన తత్త్వాన్ని ప్రపంచానికి చెబితే, ఇంకొకరు ప్రపంచపు ఆలోచనా పద్ధతిని మన భాషకు తెచ్చారు. మనకు ఇద్దరూ కావలసినవారే.

1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఏర్పడినప్పుడు మొదటి ఉపాధ్యక్షులు రెడ్డిగారు. 1931 నుంచి 1936 దాకా ఆ పదవిలో రాధాకృష్ణన్‌గారు ఉన్నారు. తిరుత్తణి కుర్రవాడు తత్త్వశాస్త్రం కోసం మద్రాసు వెళ్ళవలసివచ్చింది. తరవాతి తరాలకు వాల్తేరులో ఆ వసతి కలిగింది. ఆ విశ్వవిద్యాలయంలో బోధించిన పి.టి. రాజుగారు ఆపైన రాజస్థాన్‌లోను, అమెరికాలోను తత్త్వశాస్త్రం చెప్పారు. గుంటూరు జిల్లా సంగం జాగర్లమూడిలో పుట్టిన కొత్త సచ్చిదానందమూర్తిగారు అక్కడే పరిశోధన చేసి, అక్కడే ఆచార్యులై, ఇంగ్లీషులోను తెలుగులోను రాశారు. 2011లో కన్నుమూసేదాకా ఆయన చదువు ఆపలేదు.

ఇక మనం మొదట అనుకున్న ఆ ఇంటికి వద్దాం. తత్త్వశాస్త్రం చదువుతానన్న పిల్లలకు ఏం చెప్పాలి? ఉద్యోగం తప్పక వస్తుందని చెబితే అబద్ధమవుతుంది. రాధాకృష్ణన్‌గారికే అది తేలికగా రాలేదు. ఎం.ఏ. చేసినవారందరూ రాష్ట్రపతులు కారు. మేనమామ మాటనూ తోసెయ్యనక్కరలేదు, బి.ఎడ్. కూడా చెయ్యమనండి. కాని "నిన్ను నిద్రపోనివ్వని ప్రశ్న ఏదైనా ఉందా?" అని ఒక్కసారి అడగండి. ఉందంటే ఆ పిల్లను గాని పిల్లవాడిని గాని ఆపకండి. బీరువాలో పడివున్న పాత పుస్తకాలుంటే వారి చేతిలో పెట్టండి.

భాష చిక్కు అంటారా, రెండు మూడు భాషల నడుమ పెరిగిన పిల్లలకు ఒకే వస్తువుకు రెండు మూడు పేర్లుంటాయని చిన్నప్పుడే తెలుస్తుంది. పేరు వేరు, వస్తువు వేరు అని గ్రహించడం తత్త్వశాస్త్రంలో తొలి పాఠాలలో ఒకటి. ఆ పాఠం మన సరిహద్దు వీధుల్లో జీతం లేకుండా దొరుకుతున్నది.