వ్యాకరణం నుంచి సర్క్యూట్: హార్డ్‌వేర్ స్వయంచాలక రూపకల్పన చరిత్ర

పరిచయం

రిలే నుంచి ట్రాన్సిస్టర్, ట్రాన్సిస్టర్ నుంచి చిప్ వచ్చిన క్రమం మీకు పరిచితమే. అది వస్తువుల చరిత్ర. ఈ పాఠంలో ఆ వస్తువులను వర్ణించే పద్ధతి ఎలా మారిందో తెలుసుకుందాం. ఒక చిప్ ఏ సంకేతాలను ఏ క్రమంలో అందుకోవాలో వ్యాకరణ సూత్రాలుగా రాసి ఇస్తే, ఆ సూత్రాల నుంచి సర్క్యూట్‌ను ఒక ప్రోగ్రామే తయారు చేయగలదు. కంప్యూటర్ భాషల రంగం నుంచి హార్డ్‌వేర్ రంగం ఈ ఆలోచనను అరువు తెచ్చుకుందని పైకి అనిపిస్తుంది. చరిత్రను పరిశీలిస్తే, ఇది అరువు సొమ్ము కాదనీ, చాలా వరకు తిరిగి ఇల్లు చేరిన సొమ్మేననీ తెలుస్తుంది.

తర్కం, వలయం, భాష

1937లో క్లాడ్ షానన్ అమెరికాలోని ఎం.ఐ.టి.కి సమర్పించిన ఎం.ఎస్. సిద్ధాంత వ్యాసంలో, రిలే స్విచ్‌ల సర్క్యూట్లను బూలియన్ బీజగణితంతో వర్ణించవచ్చని చూపాడు. దానితో సర్క్యూట్ అంటే బొమ్మ మాత్రమే కాదు, కాగితంపై రాసి సరళీకరించగల సమీకరణం కూడా అయింది. 1943లో మెకల్లక్, పిట్స్ నాడీకణాలను ఇలాంటి తర్క మూలకాలుగా భావించి, వాటి వలల నమూనాను ప్రతిపాదించారు.

ఇటువంటి వల ఏయే సంకేత క్రమాలను గుర్తించగలదు? స్టీఫెన్ క్లీనీ 1951లో ర్యాండ్ సంస్థకు రాసిన నివేదికలో ఈ ప్రశ్నకు సమాధానమిచ్చాడు. అది 1956లో ప్రచురితమైంది. ఒకదాని వెంట ఒకటి రావడం, రెండింటిలో ఏదో ఒకటి రావడం, మళ్లీ మళ్లీ రావడం అనే మూడు ప్రక్రియలతో ఆ క్రమాలన్నిటినీ వర్ణించవచ్చని నిరూపించాడు. నేడు మనం రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అని పిలిచేది దీన్నే. అంటే ఈ రాత పద్ధతి తర్క మూలకాల వలలను వర్ణించడానికే పుట్టింది.

వ్యాకరణం కంపైలర్‌ను చేరిన తీరు

అదే 1956లో నోమ్ చామ్‌స్కీ, వాక్యాలను పుట్టించే సూత్రాల శక్తి ఎంతో గణితపరంగా పోల్చి చూపాడు. 1959లో జాన్ బాకస్ ప్రోగ్రామింగ్ భాషను సూత్రాల రూపంలో వర్ణించాడు. పీటర్ నౌర్ సంపాదకత్వంలో 1960లో వెలువడిన అల్గాల్ 60 నివేదిక ఆ పద్ధతికి ప్రచారం తెచ్చింది. 1970లలో బెల్ లాబొరేటరీస్‌లో స్టీఫెన్ జాన్సన్ రూపొందించిన యాక్ అనే ఉపకరణం, వ్యాకరణాన్ని చదివి దానికి తగిన విశ్లేషక ప్రోగ్రామ్‌ను తానే రాసేది.

ఇక్కడ పాణిని ప్రస్తావన తరచుగా వస్తుంది. అష్టాధ్యాయిలోని దాదాపు 4,000 సూత్రాల నిర్మాణానికి, బాకస్ పద్ధతికి పోలిక ఉందంటూ, 1967లో పీటర్ ఇంగర్‌మన్ దానికి ‘పాణిని-బాకస్ రూపం’ అనే పేరు సూచించాడు. చరిత్ర విద్యార్థులుగా మీరు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. పోలిక వేరు, వారసత్వం వేరు. పోలిక ఉన్నంత మాత్రాన ఒకటి మరొకదాని నుంచి పుట్టిందని చెప్పలేం.

సూత్రం సర్క్యూట్‌గా మారే విధానం

ఒక చిన్న ఉదాహరణ చూద్దాం. ముందు ‘క’ రావాలి, తర్వాత ‘ఖ’ ఎన్నిసార్లయినా రావచ్చు లేదా అసలు రాకపోవచ్చు, చివర ‘గ’ రావాలి. ఈ సూత్రంలో గుర్తులు మూడు. ఒక్కో గుర్తుకు ఒక ఫ్లిప్‌ఫ్లాప్, అంటే ఒక బిట్‌ను గుర్తుంచుకునే మూలకం, కేటాయిద్దాం. ‘క’ వస్తే మొదటిది వెలుగుతుంది. మొదటిదిగానీ రెండవదిగానీ వెలిగి ఉన్నప్పుడు ‘ఖ’ వస్తే రెండవది వెలుగుతుంది. అదే పరిస్థితిలో ‘గ’ వస్తే మూడవది వెలుగుతుంది. మూడవది వెలిగితే క్రమం సరిపోయినట్లే.

క్లీనీ చెప్పిన మూడు ప్రక్రియలూ ఇందులో కనిపిస్తాయి. వరుసగా రావడం అంటే ఒకదాని నుంచి తర్వాతిదానికి తీగ కలపడం. ఏదో ఒకటి అంటే ఆర్ గేట్. మళ్లీ మళ్లీ అంటే తీగను వెనక్కి తిప్పి కలపడం. దీనికి చతురత అక్కరలేదు, యాంత్రికంగా చేయవచ్చు. అందుకే ఈ పనిని ప్రోగ్రామ్‌కు అప్పగించగలిగారు.

దీనివల్ల లాభం ఎంతో గమనించండి. రెండే గుర్తులున్న భాషలో, చివరి నుంచి 20వ గుర్తు ‘క’ అవునో కాదో ఎప్పటికప్పుడు చెప్పాలనుకుందాం. ప్రతి స్థితికి ఒక వరుస చొప్పున పట్టిక రాస్తే 10,48,576 వరుసలు కావాలి. పై పద్ధతిలో 20 ఫ్లిప్‌ఫ్లాప్‌లు చాలు, ఎందుకంటే అవన్నీ ప్రతి క్లాక్ స్పందనకు ఒకేసారి పనిచేస్తాయి.

పరిశోధన నుంచి పరికరాల వరకు

1982లో రాబర్ట్ ఫ్లాయిడ్, జెఫ్రీ ఉల్‌మన్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లను చిప్‌పై అమర్చే పద్ధతులను ప్రచురించారు. సూత్రం పొడవు పెరిగిన నిష్పత్తిలోనే చిప్ వైశాల్యం పెరిగేలా అమర్చవచ్చని చూపారు. 1992లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాంటా బార్బరాకు చెందిన ఆండ్రూ సీరైట్, ఫారెస్ట్ బ్రూయర్ మరో అడుగు ముందుకు వేశారు. యాక్‌లో మాదిరిగా, సూత్రం పక్కనే చేయవలసిన పనిని కూడా రాస్తే నియంత్రణ సర్క్యూట్ తయారయ్యే పద్ధతిని ప్రతిపాదించారు. అదే దశాబ్దంలో స్వీడన్‌లో జానీ ఓబర్గ్ సమాచార ప్రసార ప్రోటోకాల్‌లకు ఈ మార్గాన్ని అన్వయించాడు. 2001లో రీతిందర్ సిద్ధు, విక్టర్ ప్రసన్న తయారైన తర్వాత కూడా మార్చుకోగల ఎఫ్.పి.జి.ఎ. చిప్‌లపై ఈ పద్ధతిని అమలు చేశారు. నెట్‌వర్క్‌లో హానికర సమాచారాన్ని వేగంగా పసిగట్టే పరిశోధనలకు అది ఊతమిచ్చింది.

అయినా చిప్ రూపకర్తలు ఎక్కువగా వెరిలాగ్, వి.హెచ్.డి.ఎల్. భాషల్లో స్థితులను చేత్తోనే రాస్తున్నారు. దీనికి కారణాలు కింది భాగంలో కొంతవరకు కనిపిస్తాయి.

పరిమితులు

మొదటిది, ఒకదానిలో ఒకటి ఎంత లోతుకైనా ఇమిడిపోయే కుండలీకరణాల వంటి నిర్మాణాలకు స్టాక్ కావాలి. చిప్‌లో జ్ఞాపకశక్తి పరిమితం కాబట్టి లోతుకు హద్దు పెట్టక తప్పదు. రెండవది, వ్యాకరణం క్రమాన్ని చెబుతుంది గానీ, సంకేతం ఎన్ని నానోసెకన్లలో చేరాలో చెప్పదు.

మూడవది అన్నిటికన్నా ముఖ్యం. సీరియల్ ప్రసారంలో ఒక అక్షరం సాధారణంగా ఇలా వస్తుంది: ప్రారంభ బిట్ 0, తర్వాత 8 సమాచార బిట్లు, చివర ముగింపు బిట్ 1. సూత్రంగా రాస్తే ఇది ఒక్క వాక్యం. కానీ ముగింపు బిట్ స్థానంలో 0 వస్తే ఏం చేయాలి? ఆ మాట మనం రాయకపోతే, తయారైన సర్క్యూట్‌కూ తెలియదు. ప్రోగ్రామ్ సూత్రాన్ని తు.చ. తప్పకుండా అనుసరిస్తుంది, అందులోని లోపంతో సహా. తీగలు కలపడంలో జరిగే పొరపాట్లు తగ్గుతాయి. కోరినదే రాశామా అన్న ప్రశ్న మాత్రం మనిషి దగ్గరే మిగిలిపోతుంది.

సారాంశం

తర్క మూలకాల వలలను వర్ణించడానికి పుట్టిన రాత, కంపైలర్ల రంగంలో పదునెక్కి, తిరిగి చిప్‌ను చేరింది. ఈ ప్రయాణంలో మనిషి శ్రమ తగ్గింది, బాధ్యత తగ్గలేదు. సర్క్యూట్‌ను గీసే చోటు నుంచి సూత్రం రాసే చోటికి ఆ బాధ్యత మారింది.

మీ ప్రగతిని పరిశీలించుకోండి

1. క్లీనీ పేర్కొన్న మూడు ప్రక్రియలు సర్క్యూట్‌లో ఏ రూపం పొందుతాయి?
2. పాణిని, బాకస్ పద్ధతుల విషయంలో పోలికకూ వారసత్వానికీ గల తేడాను వివరించండి.
3. సీరియల్ ప్రసార ఉదాహరణకు, తప్పు ముగింపు బిట్‌ను కూడా పట్టించుకునే సూత్రాలను మీ మాటల్లో రాయండి.