కంపెనీ పోయినా బోర్డు ఆగలేదు

ఒక కంప్యూటర్ కంపెనీ చేతులెత్తేసిన పదిహేడేళ్ళకు, దాని సాఫ్ట్‌వేర్ బతకాలన్న ఒకే ఒక్క కారణంతో కొత్త మదర్‌బోర్డు గీసి, తయారుచేయించి అమ్మినవాళ్ళు బ్రిటన్‌లో ఉన్నారు. ఆ కంపెనీ పేరు ఏకార్న్, ఊరు కేంబ్రిడ్జ్. బోర్డు పేరు టైటేనియం. 2015లో ఎలిసార్ అనే చిన్న సంస్థ దాన్ని తెచ్చింది. కొనేవాళ్ళు లక్షల్లో ఉండరని తెలిసే తెచ్చింది.

మదనపల్లెలో పుట్టి కేంబ్రిడ్జ్‌లో స్థిరపడ్డ నన్ను ఊళ్ళోవాళ్ళు అడిగేది రాజుగారి కోట గురించి, వానల గురించి. బ్రిటన్ చరిత్ర అనగానే మనకు ఈస్టిండియా కంపెనీ గుర్తొస్తుంది, కోలార్ బంగారం తవ్వుకుపోయిన జాన్ టేలర్ కంపెనీ గుర్తొస్తుంది. కుప్పం వాళ్ళకైతే ఆ గనుల సైనైడ్ దిబ్బలు పొరుగునే కనిపిస్తాయి. అదంతా నిజమే, మరిచిపోవాల్సిన పనీ లేదు. కానీ ఇక్కడికొచ్చాక నేను తెలుసుకున్న బ్రిటన్ చరిత్ర ఇంకొకటుంది. నా లెక్కలో మన పిల్లలకు ముందుగా చెప్పాల్సింది అది.

1970ల చివర ఈ దేశం పరిస్థితి ఏమీ బాగాలేదు. పాత పరిశ్రమలు ఒక్కొక్కటే కుంగిపోతున్నాయి. 1978లో బీబీసీ 'నౌ ది చిప్స్ ఆర్ డౌన్' అని ఒక డాక్యుమెంటరీ వేసింది. మైక్రోచిప్పు వచ్చి ఎన్ని ఉద్యోగాలు మింగుతుందో అందులో చూపించారు. ప్రభుత్వం ఉలిక్కిపడింది. బీబీసీ అక్కడితో ఆగకుండా, భయపెట్టినవాళ్ళమే నేర్పాలి కూడా అన్నట్టు, జనానికి కంప్యూటర్ నేర్పే పనికి పూనుకుంది. టీవీలో పాఠం చెబితే ఇంట్లో చేసి చూసుకోవడానికి ఒక యంత్రం కావాలి కదా. దానికోసం కంపెనీలను పిలిచింది.

అలా పిలిచినవాటిలో ఏకార్న్ ఒకటి. దాన్ని పెట్టిన ఇద్దరిలో హెర్మన్ హౌజర్ ఆస్ట్రియా నుంచి వచ్చినవాడు, మాలాగే బయటివాడు. బీబీసీ వాళ్ళు శుక్రవారం చూడ్డానికి వస్తున్నారు, చూపించడానికి యంత్రం లేదు. హౌజర్ తన ఇంజనీరు సోఫీ విల్సన్‌కు ఫోన్ చేసి, వారంలో అవుతుందని మరో ఇంజనీరు స్టీవ్ ఫర్బర్ అంటున్నాడన్నాడు. ఫర్బర్‌కు ఫోన్ చేసి, విల్సన్ అవుతుందంటోందన్నాడు. ఇద్దరూ రాత్రింబవళ్ళు తీగలు చుట్టి, శుక్రవారం పొద్దుటికి నడిపించారు. 1981 డిసెంబర్లో బీబీసీ మైక్రో బయటికొచ్చింది. బడి కొనే కంప్యూటర్‌కు సగం ధర ప్రభుత్వమే ఇచ్చింది. మొత్తం మీద 15 లక్షలకు పైగా అమ్ముడుపోయాయి.

కేంబ్రిడ్జ్‌లో కంప్యూటర్ చరిత్ర మ్యూజియం ఒకటుంది. అక్కడ ఆ యంత్రాలను అద్దాల వెనక దాచరు, బల్లమీద పెట్టి మీట నొక్కమంటారు. నొక్కితే రెండు స్వరాల బీప్, నల్లటి తెర మీద 'బీబీసీ కంప్యూటర్ 32కె' అన్న అక్షరాలు, కింద బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష సిద్ధంగా ఉందని ఒక బాణం గుర్తు. అంతే. బొమ్మల్లేవు, మెనూల్లేవు. ఏదో ఒకటి టైపు చేయక తప్పదు. బేసిక్ రాస్తూ రాస్తూ మధ్యలో చదరపు బ్రాకెట్ తెరిస్తే నేరుగా ప్రాసెసర్ భాషలోనే ఆదేశాలు రాసుకోవచ్చు. బడి పిల్ల రాసుకోవచ్చు! దాంతో వచ్చే లావుపాటి పుస్తకంలో మెమరీలో ఎక్కడేముందో, బోర్డు మీద ఏ చిప్పు ఏ మూలనుందో పటాలు వేసి మరీ ఇచ్చారు. ఆ పుస్తకం చూసినప్పుడే నాకు ఈ కథంతా అర్థమైంది. యంత్రంతో పాటు దాని గుట్టు కూడా కొన్నవాళ్ళ చేతిలో పెట్టారు. గుట్టు తెలిసిన చేతులు తర్వాత ఊరుకోలేదు.

ఏకార్న్‌కు ఇంకా బలమైన ప్రాసెసర్ కావలసి వచ్చినప్పుడు దొరికేవేవీ నచ్చలేదు. విల్సన్, ఫర్బర్ తామే ఆర్మ్ పేరుతో ఒకటి గీశారు. 1985 ఏప్రిల్ 26న మొదటి ఆర్మ్ చిప్పు చేతికొచ్చింది. కరెంటు ఎంత తింటుందో కొలవబోతే మీటర్ సున్నా చూపించింది. చూస్తే విద్యుత్ తీగ చిప్పుకు అసలు అందడమే లేదు. పక్క చిప్పుల నుంచి వచ్చే సంకేతాల మీదే అది నడిచేస్తోంది. ఈరోజు మదనపల్లె టమాటా మార్కెట్లో ధర కనుక్కునే రైతు చేతిలోని ఫోన్లో ఉన్నది ఆ వంశమే.

ఆ చిప్పుతో 1987లో ఆర్కిమిడీస్ వచ్చింది, వెనకాలే రిస్క్ ఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వచ్చింది. మౌస్‌కు మూడు మీటలు, ఒకటి మెనూకే. ఫైలు దాచాలంటే దాని బొమ్మను లాగి ఫోల్డర్లో పడేయడమే. సంగీతకారులు ఇప్పటికీ వాడే సిబేలియస్ సాఫ్ట్‌వేర్ మొదట పుట్టింది దీనిమీదే. కానీ ప్రపంచం విండోస్ వైపు వెళ్ళిపోయింది. 1998లో ఏకార్న్ డెస్క్‌టాప్ కంప్యూటర్ల విభాగాన్ని మూసేసింది, సగంలో ఉన్న కొత్త యంత్రాన్నీ ఆపేసింది. మన అంగళ్ళులో మిట్స్ ఇంజనీరింగ్ కాలేజీ మొదలైంది ఆ ఏడాదే.

మూతపడితే ఉన్న యంత్రాలు వాడుకోవచ్చు కదా అనిపిస్తుంది. వాడుకోనివ్వనిది బ్యాటరీ. గడియారం ఆగకుండా బోర్డు మీద గొట్టం ఆకారంలో ఒక నికెల్ కాడ్మియం బ్యాటరీ అతికించేవాళ్ళు. ఏళ్ళు గడిచాక అది కారుతుంది. మూత తీస్తే బ్యాటరీ చుట్టూ పచ్చగా చిలుము, దాని కింద రాగి గీతలు తినేసి ఉంటాయి. వినెగార్‌తో కడిగి, సన్నటి తీగలు పెట్టి సోల్డర్ చేస్తే కొన్ని లేస్తాయి, కొన్ని లేవవు. మన పుంగనూరు ఆవు సంగతి గుర్తు తెచ్చుకోండి. ఉన్న ముసలి ఆవులకు ఎంత మేత వేసినా జాతి నిలబడదు. పలమనేరు పరిశోధనా కేంద్రంలో దూడలు పుట్టబట్టి నిలబడింది. కంప్యూటర్‌కు దూడ అంటే కొత్త మదర్‌బోర్డే.

మొదటి గట్టి ప్రయత్నం 2002లో కాజిల్ టెక్నాలజీ చేసింది, ఐయోనిక్స్ అనే యంత్రంతో. ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. పాత ఆర్మ్ చిప్పుల్లో, తర్వాతి ఆదేశం ఎక్కడుందో చెప్పే చిరునామానూ చిప్పు స్థితి గుర్తులనూ ఒకే 32 బిట్ల రిజిస్టర్‌లో ఇరికించారు. చిరునామాకు 26 బిట్లే మిగిలాయి. ఐయోనిక్స్‌లో పెట్టిన కొత్త ఇంటెల్ ఎక్స్‌స్కేల్ చిప్పులో ఆ పద్ధతే లేదు. కాబట్టి ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తాన్ని వరస వరసా దువ్వి తిరగరాయాల్సి వచ్చింది, పాత ప్రోగ్రాములను కూడా. బోర్డు చేయడం ఒక ఎత్తు, దానిమీద పాత ప్రాణం పోయడం ఇంకో ఎత్తు.

2006లో రిస్క్ ఓఎస్ ఓపెన్ అనే సంస్థ పుట్టి సోర్సు కోడ్ చూసుకోసాగింది. 2012లో రాస్ప్‌బెర్రీ పై అనే చవక బోర్డు కంప్యూటర్ వచ్చింది. దాని మోడల్ ఏ, మోడల్ బి అన్న పేర్లు బీబీసీ మైక్రోకు నమస్కారం పెట్టడమే. ఆ ఏడాదే రిస్క్ ఓఎస్ దానిమీదికి ఎక్కింది. చవక బోర్డు దొరికాక టైటేనియం ఎందుకని కొందరు అడుగుతారు. పై అప్పట్లో నెమ్మది, డిస్కు తగిలించడానికి సరైన చోటు లేదు. పొద్దస్తమానం పనిచేసుకునేవాళ్ళకు డిస్కుకు సాటా, అదనపు కార్డులకు పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఉండి, మామూలు పీసీ డబ్బాలో బిగించుకునే బోర్డు కావాలి. యంత్ర పరిశ్రమల కోసం టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చేసిన చిప్పును అందులో పెట్టారు. దానికి రెండు కోర్‌లు. రిస్క్ ఓఎస్‌కు ఒకటే వాడటం తెలుసు. రెండోది ఖాళీగా ఉన్నా సరే, ఒక్కటే పాత యంత్రాలన్నిటినీ దాటేసింది.

ఇక మన సంగతి. 1984లో కేంద్ర ప్రభుత్వం 'క్లాస్' పథకం పెట్టి 250 బడుల్లో కంప్యూటర్ చదువు మొదలుపెట్టింది. తెచ్చినవి బీబీసీ మైక్రోలే. చండీగఢ్ పక్కన మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ 'యూనికార్న్' పేరుతో వాటిని ఇక్కడే తయారు చేసింది కూడా. ఆ ఫ్యాక్టరీ 1989లో కాలిపోయింది. 2002లో కుప్పంలో హ్యూలెట్ ప్యాకార్డ్ మూడేళ్ళ ప్రణాళికతో 'ఐ-కమ్యూనిటీ' పెట్టింది. సౌరవిద్యుత్తుతో నడిచే ప్రింటరు, కెమెరా పట్టుకుని మహిళలు ఊరూరా తిరిగి ఫోటోలు తీసి సంపాదించారు. ఆ అక్కలు చేసింది చిన్న పని కాదు. కానీ ప్రింటరు లోపల ఏముందో చెప్పే పుస్తకం వాళ్ళ చేతికి రాలేదు. కంపెనీ ఉన్నన్నాళ్ళే యంత్రం ఉంటుందనే పద్ధతి మనది. నాకు బాధ కలిగించేది అదే.

ఇప్పుడు రిస్క్ ఓఎస్ వాళ్ళ ముందున్న గండం పెద్దది. కొత్త ఆర్మ్ చిప్పుల్లో 32 బిట్ల వ్యవస్థను తీసేస్తున్నారు. రాస్ప్‌బెర్రీ పై 5లో మామూలు ప్రోగ్రాములకు అది మిగిలింది గానీ, ఆపరేటింగ్ సిస్టమ్‌కు లేదు. రిస్క్ ఓఎస్‌లో చాలా భాగం 32 బిట్ల అసెంబ్లీలో, అంటే ప్రాసెసర్ భాషలో, రాసింది. ఆర్మ్‌ను కన్న ఇంటి సాఫ్ట్‌వేర్‌కు ఆర్మ్‌లోనే చోటు కరువైంది. అసెంబ్లీని కొంచెం కొంచెంగా సి భాషలోకి మార్చాలి, దానికి చేతులు చాలవు.

2018 నుంచి ఆ సోర్సు కోడ్ అపాచీ లైసెన్సు కింద ఎవరైనా తీసుకునేలా ఉంది. మిట్స్‌లోనో, కుప్పం ఇంజనీరింగ్ కాలేజీలోనో చదివే పిల్లలు ఒక పాత రాస్ప్‌బెర్రీ పై కొనుక్కుని రిస్క్ ఓఎస్‌ను మెమరీ కార్డు మీద వేసుకుంటే నిమిషాల్లో లేస్తుంది. పై 4 వరకు నడుస్తుంది, పై 5 మాత్రం దీనికోసం కొనకండి. అసెంబ్లీ చదవడం నేర్చుకుంటే ఒక్క మాడ్యూల్ ఎంచుకుని మొదలుపెట్టొచ్చు. అడిగితే ఇక్కడి పెద్దవాళ్ళు ఓపిగ్గా చెబుతారు, నాకు చెప్పారు.