మిరప తోటలో ‘మందు’: ఆ ప్రమాదాన్ని ఎవరి ఒంటి మీద కొలుస్తున్నారు?

పురుగుల విషాన్ని మనం ‘మందు’ అంటాం. జ్వరానికి మింగే గోళీకీ, పంట మీద చల్లే విషానికీ ఊళ్లో ఒకటే పేరు. డబ్బా మీద ఎర్ర త్రికోణం, పుర్రె బొమ్మ ఉన్నా అది మందే. పని చేసే చోట రసాయనాల వల్ల వచ్చే జబ్బుల గురించి మాట్లాడాలంటే ముందు ఈ మాట దగ్గర ఆగాలి. మందు అని పిలిచే దానికి ఎవరు భయపడతారు?

ఖమ్మం దాటి భద్రాచలం అడవుల వైపు వెళ్తే గోదావరి ఒడ్డున బూర్గంపాడు, అశ్వాపురం, దుమ్ముగూడెం, చర్ల మండలాల్లో మిరప తోటలు కనిపిస్తాయి. చలికాలం చివర నుంచి ఎండలు ముదిరే దాకా కోతలే కోతలు. కోసేది మాల, మాదిగ వాడల ఆడవాళ్లు, కోయ గూడేల వాళ్లు, ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా, బీజాపూర్ నుంచి ముఠాలుగా దిగే ఆదివాసీ కూలీలు. పిల్లలూ ఉంటారు. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ పడ్డాక ములుగు జిల్లా మిరప తోటల నుంచి బీజాపూర్‌కు కాలినడకన బయలుదేరి, ఇంటికి చేరకుండానే చనిపోయిన ఆదివాసీ బాలిక వయసు 12 ఏళ్లు. ఇలాంటి పిల్లలు తోటల్లో ఉన్నారన్న సంగతి ఆమె చనిపోయాకే పేపర్లకు ఎక్కింది.

రసాయనం వల్ల వచ్చే ప్రమాదాన్ని శాస్త్రవేత్తలు ఎలా లెక్కగడతారో చూద్దాం. 1983లో అమెరికా జాతీయ పరిశోధన మండలి దీన్ని నాలుగు మెట్లుగా చెప్పింది. ఆ పదార్థం ఏ హాని చేస్తుంది, ఎంత మోతాదుకు ఎంత హాని, ఎవరి ఒంటికి ఎంత తగులుతోంది, చివరికి ఈ మూడూ కలిపి చూస్తే ప్రమాదం ఎంత. మొదటి రెండు మెట్లకు సమాధానం ప్రయోగశాలలో దొరుకుతుంది. ఎలుకలకు ఏ హానీ చేయని మోతాదు కనుక్కుని, దాన్ని మామూలుగా 100తో భాగిస్తారు. జంతువుకూ మనిషికీ తేడా ఉంటుందని ఒక 10, మనిషికీ మనిషికీ తేడా ఉంటుందని ఇంకో 10. రోజూ తిన్నా ఫర్వాలేదనే పరిమితి అలా పుడుతుంది. అది కిలో శరీర బరువుకు ఇన్ని మిల్లీగ్రాములు అనే లెక్క కాబట్టి, అదే చాలులో కోసే 30 కిలోల పిల్లకూ 60 కిలోల మనిషికీ సమానంగా విషం తగిలితే పిల్ల వంతు రెట్టింపు అవుతుంది.

మూడో మెట్టు దగ్గరే అసలు పేచీ. ఎవరికి తగులుతోందని లెక్క వేస్తున్నారు?

తినేవాళ్ల వైపు లెక్క బాగానే ఉంది. 2024 ఏప్రిల్‌లో హాంకాంగ్, సింగపూర్ అధికారులు మన దేశం నుంచి వెళ్లిన కొన్ని మసాలా పొడుల్లో ఇథిలీన్ ఆక్సైడ్ ఉందని అమ్మకాలు ఆపించారు. వారం తిరగకుండా ఆ వార్త ప్రపంచమంతా పాకింది. అదే నెలలో మన ఆహార భద్రతా సంస్థ, దేశంలో రిజిస్టర్ కాని, విడిగా పరిమితి లేని పురుగుమందుల విషయంలో సుగంధ ద్రవ్యాలకున్న పరిమితిని కిలోకు 0.01 మిల్లీగ్రాముల నుంచి 0.1కి పెంచితే గొడవ అయింది. కావలసిన గొడవే. అయితే ఆ కారం పొడి కాయగా చెట్టు మీద ఉన్నప్పుడు వట్టి చేత్తో తుంచిన మనిషి ఉంది కదా. కిలో కారంలో మిల్లీగ్రాములో పదో వంతు కోసం యంత్రాలు పెట్టి వెతికేవాళ్లు, ఆ చేతి మీద ఎంత ఉందో ఒక్కసారైనా తుడిచి చూడలేదు.

డబ్బా మీద రాసే ‘ఆగాల్సిన రోజులు’ సంగతీ ఇంతే. చివరిసారి మందు కొట్టాక ఇన్ని రోజులకు కోయాలి అన్న నియమం తినేవాళ్ల కోసం పెట్టింది. మిరప ఒక్క కోతతో అయిపోయే పంట కాదు. కోత, మళ్లీ మందు, మళ్లీ కోత. 2021 చివర్లో నల్ల తామర పురుగు మిరపను ఊడ్చేసినప్పుడు రైతులు దొరికిన మందల్లా కలిపి కొట్టారు. కొట్టిన చేలోకి కూలీ ఎప్పుడు అడుగు పెట్టొచ్చు? అమెరికాలో 1992 నాటి కార్మిక రక్షణ నిబంధనలు దీనికి గంటల్లో జవాబు చెప్తాయి. విషం తీవ్రతను బట్టి మామూలుగా 12, 24, 48 గంటలు. మన తోటల్లో ఆ జవాబు మేస్త్రీ నోట్లో ఉంటుంది.

విషం ఒంట్లోకి పోయే దారి ముక్కూ నోరే అనుకుంటారు చాలామంది. చేలో పనిచేసేవాళ్లకు పెద్ద దారి చర్మం. పారాథియాన్ అనే పురుగుమందు మీద అమెరికాలో మైబాక్ బృందం 1971లో ప్రచురించిన లెక్కల ప్రకారం, ముంజేతి మీద పడ్డదాంట్లో ఒంట్లోకి ఇంకేది 8.6 శాతం, అరచేతి మీద 11.8 శాతం, నుదుటి మీద 36.3 శాతం. మందు అంటిన చేత్తో, తడిసిన కొంగుతో నుదుటి చెమట తుడుచుకోవడమంటే విషాన్ని అది తేలిగ్గా ఇంకే చోటికి చేర్చడమే. పంపు మోసేవాడికి వీపంతా తడుస్తుంది. బిందెతో నీళ్లు మోసి, కర్రతో మందు కలిపి, పంపు నింపేది ఎక్కువగా ఆడవాళ్లు. నీళ్లు కలపని చిక్కటి విషం తగిలేది వాళ్లకే. సాయంత్రం ఆ బట్టలు ఉతికేదీ వాళ్లే.

మిరప తోటలో ఇంకో చిక్కుంది. చేతులు మండితే, కళ్లు కారితే, ముక్కు తెగ కారితే ‘కాయ ఘాటు’ అనుకుంటారు. ఘాటు నిజమే. కానీ కళ్ల నీళ్లు, చొంగ, విపరీతమైన చెమట, వాంతులు ఆర్గానో ఫాస్ఫేట్ విషానికీ లక్షణాలే. ఎండ ముదిరాక పడిపోతే ‘వడదెబ్బ’ అంటారు. చొంగ కారుతూ, కంటిపాప సూదిమొనంత చిన్నదై, కండరాలు అదురుతుంటే అది వడదెబ్బ అని ఊరుకోకూడదు.

ఇదంతా ఊహ కాదు. 2003 ఆగస్టు నుంచి డిసెంబరు దాకా అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని మూడు ఊళ్లలో 50 మంది మహిళా పత్తి రైతులు, తమకూ తమ ఇంటి మగవాళ్లకూ మందు కొట్టిన ప్రతిసారీ ఏమైందో రాయించారు. నమోదైన 323 సందర్భాల్లో 83.6 శాతం వాటిలో స్వల్పం నుంచి తీవ్రం దాకా విష లక్షణాలు కనిపించాయి. తీవ్రంగా దెబ్బతిన్నవాళ్లు కూడా ఆస్పత్రికి పోలేదు. కలిపి నింపే ఆడవాళ్లకూ కొట్టే మగవాళ్లకూ ప్రమాదం ఒకటేనని తేలింది. భూస్వాముల కంటే చిన్న, పేద రైతులకే తీవ్రమైన విషం ఎక్కువసార్లు తగిలింది. కులం గడి పెట్టి ఉంటే ఇంకేం తేలేదో ఈ ప్రాంతం ఎరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఆస్పత్రి లెక్క వేరు. వరంగల్ ఎంజీఎంలో 1997 నుంచి 2002 దాకా పురుగుమందు విషంతో చేరినవాళ్లు 8,040 మంది. వివరంగా చూసిన 2002లో వాళ్లలో 96 శాతం మంది తమంతట తాము తాగినవాళ్లు. ఆ దుఃఖం చిన్నది కాదు. కానీ పని చేస్తూ రోజుకింత విషం ఇంకించుకున్నవాళ్లు ఆ రిజిస్టర్‌లోకి రానే రాలేదన్నది కూడా అందులో చదవాలి. చాలామంది ఒకేసారి పడిపోతే తప్ప ఈ సంగతి బయటికి రాదు. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్‌లో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయినప్పుడు అదే జరిగింది.

అశ్వాపురం మండలంలోనే మణుగూరు భారజల కర్మాగారం ఉంది. అక్కడ హైడ్రోజన్ సల్ఫైడ్ వాడతారు, ప్రాణాంతకమైన వాయువు. భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టానికి చేసిన సవరణ ప్రకారం ఫ్యాక్టరీల గాలిలో ఆ వాయువు ఎనిమిది గంటల సగటున పది లక్షల వంతుల్లో 10 దాటకూడదని ఉండేది. ప్రమాదకర పనుల్లో ఉన్న కార్మికుల ఆరోగ్య రికార్డులు ఉంచాలి, కార్మికుడు అడిగితే చూపించాలి. అదే పట్టికలో మలాథియాన్ అనే పురుగుమందుకూ పరిమితి ఉండేది, ఘనపు మీటరు గాలికి 10 మిల్లీగ్రాములు. అదే మందు ఫ్యాక్టరీ గేటు దాటి చేలోకి రాగానే ఆ పరిమితి వర్తించేది కాదు. చేను ఫ్యాక్టరీ కాదు కాబట్టి.

మరి చేలో పనిచేసేవాళ్లకు చట్టమే లేదా? ఉంది. 1971 నాటి పురుగుమందుల నియమాల్లో 37వ నియమం ప్రకారం మందుల తయారీలో, పిచికారీలో ఉన్నవాళ్లకు మూడు నెలలకోసారి వైద్య పరీక్ష చేయించాలి. ఆర్గానో ఫాస్ఫేట్, కార్బమేట్ మందులతో పనిచేస్తే నెలనెలా రక్తంలో కోలిన్‌ఎస్టరేజ్ చూడాలి. విషం తగిలిన కొద్దీ తగ్గిపోయే ఎంజైమ్ అది. 1968 చట్టంలోని 26వ సెక్షన్ కింద విష ప్రమాదాలన్నీ తెలియజేయాలని రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ఇవ్వొచ్చు. పరిహార చట్టం రెండో షెడ్యూలులో ‘వ్యవసాయంలో పురుగుమందు పిచికారీ, పొడి చల్లడం’ అనే పని పేరు పెట్టి ఉండేది. చేత్తో కోసే కోత పేరు లేదు. పంపు నింపడం పేరూ లేదు.

ఏజెన్సీలో ఇది ఇంకా చిక్కు. 1/70 వల్ల గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోకూడదు. ఆదివాసీల రక్షణకు ఆ చట్టం ఉండి తీరాలి. దాన్ని తప్పించుకుంటూ నోటిమాట మీద నడిచే కౌలులో మందు కొట్టించే ఆసామి కాగితం మీద ఉండడు. ఉండని యజమాని మీద కేసు ఎలా? 2018లో వచ్చిన రైతు బీమా 5 లక్షలు పట్టా ఉన్న రైతు కుటుంబానికి. కూలీకీ కౌలుదారుకూ లేదు.

డబ్బా మీది రంగుల త్రికోణం గురించి ఒక మాట. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగులు ఒక్కసారి ఒంట్లోకి పోతే ఎంత మోతాదుకు ప్రాణం పోతుందో చెప్తాయి. నెలల తరబడి కొద్దికొద్దిగా తగిలితే నరాలకు, గర్భానికి ఏమవుతుందో చెప్పవు. ఆకుపచ్చ అంటే ఫర్వాలేదని కాదు. పైగా చదువురాని వాళ్ల కోసం పెట్టిన ఆ గుర్తు కోత కూలీ కంట పడదు, ఆమె వచ్చేసరికి డబ్బా గట్టు కింద ఉంటుంది. ఖాళీ డబ్బాలు ఇంటికి తెచ్చుకోవద్దని కూడా ఇక్కడే చెప్పాలి. 2013లో బీహార్‌లో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయింది మోనోక్రోటోఫాస్ కలిసిన నూనె వల్లే. కూరగాయల మీద ఆ మందును 2005లోనే నిషేధించారు. 36 శాతం ద్రావణాన్ని ఆపే ఉత్తర్వు రావడానికి 2023 దాకా పట్టింది.

మందు లేకపోతే పంటే రాదు అంటారు. పాల్వంచ మండలం పునుకుల ఆ మాటకు ఇరవై ఏళ్ల కిందటే జవాబు చెప్పింది. 1999 తర్వాత సెక్యూర్ అనే సంస్థ సాయంతో అక్కడి రైతులు మందులు మానడం మొదలుపెట్టి, 2004 నాటికి ఊరు ఊరంతా మానేశారు. వేపగింజల కషాయం, పచ్చిమిర్చి-వెల్లుల్లి రసం, లింగాకర్షక బుట్టలు వాడారు. అప్పిచ్చేదీ మందు అమ్మేదీ ఒకే వ్యాపారి కావడమే అన్నిటికంటే గట్టి ముడి. దాన్ని విప్పడంలో మహిళా సంఘాలు ముందున్నాయి. తర్వాత రాష్ట్రమంతా వచ్చిన పురుగుమందులు లేని సాగు కార్యక్రమానికి అదే దారి చూపింది. అయితే పునుకులలో నిర్ణయం తీసుకున్నది భూమి ఉన్నవాళ్లు. ఇంకొకరి చేలో కూలికి వెళ్లే మనిషికి ఆ నిర్ణయం చేతిలో లేదు.

ఆమె చేతిలో ఉన్నవి కొన్ని. నిన్న ఈ చేలో మందు కొట్టారా, ఏది కొట్టారు అని ముఠా అంతా కలిసి అడగడం (ఒక్కరు అడిగితే రేపటి కూలి పోతుంది). డబ్బా ఫోటో ఫోన్‌లో ఉంచుకోవడం. తేదీ, చేను, ఎన్ని గంటలు, ఏ లక్షణాలు అన్నది సంఘంలో చదువుకున్న పిల్ల నోటు పుస్తకంలో రాయడం. ఎవరైనా పడిపోతే బట్టలు మార్చి, సబ్బుతో ఒళ్లు కడిగి, డబ్బాతో సహా ఆస్పత్రికి తీసుకుపోవడం. ఢిల్లీ ఎయిమ్స్ విష సమాచార కేంద్రం నంబరు 1800 116 117, డాక్టరు కూడా అడగొచ్చు. చీటీ మీద ‘కళ్లు తిరిగి పడిపోయింది’ అని కాకుండా ‘చేలో పనిచేస్తుండగా పురుగుమందు తగిలింది’ అని రాయమని పట్టుబట్టాలి. జిల్లాలో 37వ నియమం కింద ఈ ఏడాది ఎంతమంది కూలీలకు రక్త పరీక్ష జరిగిందో సమాచార హక్కు కింద వ్యవసాయ శాఖనూ, వైద్యారోగ్య శాఖనూ విడివిడిగా అడగొచ్చు. దరఖాస్తుకు పది రూపాయలు, జవాబుకు 30 రోజులు.