డంజన్ మాస్టర్

బల్ల చుట్టూ చేరి, పాచికలు వేస్తూ తలా ఒక పాత్రను నడిపే ఆటలో కథ నడిపించేవారే గేమ్ మాస్టర్. ఈ పనికి పూర్వీకుడు యుద్ధశిక్షణలో కనిపిస్తాడు. 1824లో ప్రష్యా సైన్యం చేపట్టిన ‘క్రీగ్‌స్పీల్’లో అధికారుల ఎత్తులకు ఫలితం తేల్చే మధ్యవర్తి ఉండేవాడు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌ల ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ వచ్చినప్పుడూ ఆ మనిషి ‘రిఫరీ’యే. ‘డంజన్ మాస్టర్’ అన్న మాట ఆ తర్వాత వాడుకలోకొచ్చి, 1979 నాటికి మార్గదర్శక గ్రంథం అట్టమీదికే ఎక్కింది.

డంజన్ అంటే ఇప్పుడు నేలమాళిగలోని చెర. పాత ఫ్రెంచిలో ‘డోంజోన్’ మాత్రం కోటలో ప్రధాన బురుజు. దాని వేరు లాటిన్ ‘డామినస్’, అంటే ప్రభువు. పక్కన మాస్టర్ కూడా ఉంది కనుక పేరులో రెండింతల దొరతనం!

తర్వాతి ఆటలు వేరే పేర్లు పెట్టుకున్నాయి. ‘కాల్ ఆఫ్ కతుల్హు’ (1981)లో కీపర్, ‘వాంపైర్: ది మాస్కరేడ్’ (1991)లో స్టోరీటెల్లర్, ‘అపోకలిప్స్ వరల్డ్’ (2010)లో ఎం.సి. ఒకరు గుట్టు కాస్తారు, ఒకరు కథ చెబుతారు, మరొకరు సభ నడుపుతారు.

ఆట రక్తి కట్టాలంటే ఈ మూడూ కావాలి, పాత రిఫరీ నిష్పక్షపాతమూ కావాలి. ఆటగాళ్లు ఊహించని దారి పట్టినప్పుడు ‘కుదరదు’ అనేవారి కన్నా ‘సరే, పాచిక వెయ్యి’ అనేవారి బల్ల దగ్గరే జనం చేరతారు.