ఒక పదము – రెండు పనులు

కోర్టు వ్యవహారములలో ‘అప్పీలు’ అను మాట మన మందఱ మెఱుగుదుము. ఆంగ్లమున నదియే నామము, అదియే క్రియ. తెలుగున ‘చేయు’ చేర్చినగాని క్రియ కాదు. ఈ భేదమునకు కారణము చరిత్రమున నున్నది.

వేయి సంవత్సరముల క్రిందట ఆంగ్లమునకును ప్రత్యయములు మెండుగ నుండెను. ప్రేమను ‘లువు’ అనియు, ప్రేమించుటను ‘లువియన్’ అనియు ననిరి. స్కాండినేవియనుల సాంగత్యముచే ఉత్తరభాగమున నా తుదులు సడలసాగెను. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిదప రాజసభలలో ఫ్రెంచి నెలకొనెను. ఆంగ్లము వ్రాతకట్టుబాటు సడలి, జనుల నోట వేగముగా మాఱెను. 1500 నాటికి తుదులు చాలవఱకు అరిగి, రెండును ‘లవ్’ అను నొక్క మాటయే యయ్యెను. ఫ్రెంచినుండి వచ్చిన ‘అప్పీలు’ను ఈ త్రోవనే పట్టెను.

తెలుగున మాటల వరుస మాఱినను విభక్తి యర్థమును కాపాడును. ఆంగ్లమున వరుస తప్పిన నర్థమే తప్పును. కావున ఆంగ్లపత్రము చదువువారు పదమునే గాక దాని స్థానమునుగూడ చూడవలయునని నా మనవి.