మూడో కాన్పు మీద ఫిర్యాదు

మా తమ్ముడి పుట్టిన తేదీ సర్టిఫికెట్‌లో తల్లి పేరున్న చోట మా అమ్మ పేరుంది. వాణ్ణి కన్నది మా పిన్ని. కన్నతల్లిని వాడు ఇప్పటికీ 'పిన్నీ' అనే పిలుస్తాడు. మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. ఎవరం మాట్లాడుకోం, అంతే.

కాకినాడకి దగ్గర్లో ఒక పంచాయతీలో పిన్ని 1995లో వార్డు మెంబరుగా గెలిచింది. మహిళలకి కేటాయించిన వార్డు. నామినేషన్ వేయించింది బాబాయే. గెలిచాక మీటింగులకి వెళ్ళాల్సింది కూడా తనేనని ఆయన అనుకున్నాడు. పిన్ని తనే వెళ్ళింది. పదో తరగతి దాకా చదివిన మనిషి, సంతకం పెట్టే ముందు కాగితం చదివేది. 1997 చివర్లో ఒక మీటింగులో, కట్టని కల్వర్టుకి బిల్లెలా చెల్లించారని అడిగింది. జవాబు రాకపోతే అర్జీ రాసి పై అధికారులకి పంపింది. అప్పటికి ఆమె మూడోసారి గర్భవతి. ఇద్దరు ఆడపిల్లల తర్వాత మగపిల్లాడు కావాలని అత్తింటివాళ్ళ పట్టు. ఆ విషయంలో ఆమెని అడిగినవాళ్ళు లేరు. ఊళ్ళో పెద్దల దగ్గర్నించి మాత్రం కబురొచ్చింది: కాన్పు కానీ, నీ మెంబరుగిరీ సంగతి చూస్తాం.

1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికంటే ఎక్కువమంది పిల్లలున్నవారిని అనర్హుల్ని చేసింది. సర్దుకోవడానికి ఏడాది గడువిచ్చింది. 1995 మే 30 తర్వాత మూడో బిడ్డ పుడితే పదవి పోయినట్టే. చట్టంలో ఉన్న మాట 'వ్యక్తి' అనే. ఆడా మగా తేడా లేదు. కానీ కడుపు కనపడేది ఎవరికి? మగవాడు బిడ్డ నాది కాదనొచ్చు, భార్యని పుట్టింటికి పంపెయ్యొచ్చు. ఇవి నా ఊహలు కావు. ఆంధ్రప్రదేశ్‌తో సహా అయిదు రాష్ట్రాల్లో నిర్మలా బుచ్ ఈ నిబంధన మీద అధ్యయనం చేసి, పదవి కోసం భార్యల్ని వదిలేసినవాళ్ళ గురించీ, గర్భస్రావాల గురించీ, బిడ్డల్ని దత్తతిచ్చినవాళ్ళ గురించీ రాశారు. ఇలాంటిదే హర్యానా చట్టంలోని నిబంధన. దాన్ని సుప్రీంకోర్టు 2003లో జావేద్ కేసులో సమర్థించింది. బిడ్డని దత్తతిచ్చినా అనర్హత పోదని కూడా తేల్చింది.

మా వాళ్ళు దత్తత దాకా పోలేదు. పిన్నిని జగన్నాథపురంలో మా ఇంటికి తీసుకొచ్చారు. 1998లో పురుడు పోశాక కాగితాల మీద అమ్మ పేరు రాయించారు. అనుకున్నట్టే ఫిర్యాదు వెళ్ళింది, విచారణా జరిగింది. సర్టిఫికెట్‌లో తల్లి వేరే ఉంది గనక కొట్టేశారు. ఇదంతా కొన్ని వారాల్లో అయిపోయింది. కల్వర్టు అర్జీ మాత్రం పిన్ని పదవీకాలం ముగిసేదాకా తేలలేదు.

నా డాక్టరేట్ పందొమ్మిదో శతాబ్దపు తెలుగు పత్రికల మీద. మా ఇంటి కథని నేను వాటి పక్కన పెట్టి చూడ్డం మొదలుపెట్టింది చాలా ఆలస్యంగా. కాకినాడకి మునిసిపాలిటీ 1866లో వచ్చింది. అధికారుల ఆధ్వర్యంలో నడిచిన ఆ కాలపు పురపాలనలో, పై అధికారికి పెట్టుకునే అర్జీయే ఫిర్యాదు. అర్జీతో పని కానప్పుడు పత్రిక ఉండేది. కందుకూరి వీరేశలింగం 1874లో రాజమండ్రి నుంచి 'వివేకవర్ధని' పెట్టి, లంచాల మీదా ఉద్యోగుల అక్రమాల మీదా రాశారు. వకీళ్ళని 'వ్యవహార ధర్మబోధిని' ప్రహసనంలో బజారుకెక్కించారు. ఆయనే 1883లో స్త్రీల కోసం 'సతీహితబోధిని' పెట్టారు. ఈ రెండు పత్రికలనీ పక్కపక్కన చదివితే ఒక మాట దగ్గర ఆగాల్సి వస్తుంది. నడవడి. మగవాడి నడవడి చెడిందంటే డబ్బు తిన్నాడని అర్థం, మహా అయితే వేశ్యల దగ్గరికి పోయాడని. స్త్రీ నడవడి అంటే ఆమె బతుకంతా. ఇద్దరికీ ఒకటే మాట, అర్థాలు మాత్రం రెండు. వీరేశలింగం మీద మనకున్న గౌరవానికి ఇది అడ్డు రానక్కరలేదు. కాకినాడ పైడా రామకృష్ణయ్య ఇచ్చిన డబ్బుతో వితంతు వివాహాలు జరిపించిన మనిషి ఆయన. అయినా ఈ తేడా చెప్పకుండా పోలేం.

పంచాయతీరాజ్ చట్టంలో 249వ సెక్షన్ ఉంది. అధికార దుర్వినియోగం, విధి నిర్వహణలో దుష్ప్రవర్తన లాంటివి రుజువైతే సర్పంచిని కలెక్టరు తొలగించొచ్చు. ముందు సంజాయిషీ అడగాలి. తొలగించినా ప్రభుత్వానికి అప్పీలు చేసుకోవచ్చు, అక్కడ స్టే దొరకొచ్చు. తొందరపాటు తొలగింపు నుంచి ఎన్నికైన మనిషికి ఈ రక్షణలు ఉండాల్సిందే, దళిత స్త్రీ సర్పంచులకైతే మరీను. నా అభ్యంతరం వాటి మీద కాదు. డబ్బు సంగతికి ఇన్ని మెట్లు కట్టి, కాన్పు సంగతికి ఒక్క సర్టిఫికెట్ చాలన్నారే, దాని మీద.

నగరాల్లో ఇంకో దారి ఉంది, అవిశ్వాసం. 2017 సెప్టెంబరులో కాకినాడ మేయరుగా ఎన్నికైన సుంకర పావని మీద 2021 అక్టోబరులో అవిశ్వాస తీర్మానం నెగ్గింది. మేయరయిన నాలుగేళ్ళ దాకా అవిశ్వాసం పెట్టకూడదన్న గడువు అప్పుడే తీరింది. అదే నెలలో సుంకర శివప్రసన్న మేయరయ్యారు. విశాఖలో గొలగాని హరివెంకటకుమారి 2021లో మేయరయితే, 2025 ఏప్రిల్‌లో ఆమె కూడా నాలుగేళ్ళు నిండగానే అవిశ్వాసంతో దిగిపోయారు. ఎవరి పాలన ఎలా ఉందో ఇక్కడ నేను తీర్పు చెప్పడం లేదు. అవిశ్వాసం కూడా చెప్పదు. దానికి తలల లెక్క కావాలి, అభియోగం రుజువు కానక్కరలేదు. పార్టీల బలం మారితే చాలు. నిజంగా తప్పు జరిగిన చోట అది బయటికి రాదు, జరగని చోట మచ్చ పోదు.

మరి కౌన్సిలర్ వల్ల వేధింపు జరిగితే ఒక పారిశుధ్య కార్మికురాలు ఎక్కడికి పోవాలి? 2013 నాటి లైంగిక వేధింపుల చట్టం కింద కమిటీ విచారించి యజమానికి సిఫారసు చేస్తుంది. కౌన్సిలర్‌కి యజమాని ఎవరు? ఆయన జీతగాడు కాదు, ఇంక్రిమెంటు ఆపడానికి లేదు, బదిలీ చెయ్యడానికి లేదు. చివరికి పోలీస్ స్టేషనే దిక్కు. కాంట్రాక్టు మీద పనిచేసే మనిషి అక్కడిదాకా వెళ్తే మర్నాడు మస్టరులో పేరుంటుందన్న హామీ లేదు. ఇంగ్లండులో ప్రత్యేకంగా ప్రమాణాల బోర్డే పెట్టుకున్నారు. 2012లో దాన్ని రద్దు చేసి, దాంతోపాటు కౌన్సిలర్లని సస్పెండ్ చేసే అధికారమూ తీసేశారు.

1923లో కాంగ్రెస్ మహాసభ కాకినాడలో జరిగింది. ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర వాలంటీరుగా ఉన్న పద్నాలుగేళ్ళ దుర్గాబాయి, టికెట్ లేదని నెహ్రూనే ఆపేసింది. నిర్వాహకులు టికెట్ కొనిచ్చాకే లోపలికి వదిలింది. మా ఊళ్ళో ఈ కథ చెప్పినప్పుడల్లా నెహ్రూ మెచ్చుకోవడంతో ముగిస్తారు. మధ్యలో పెద్దలు ఆ పిల్లని కసిరిన ముక్క ఎవరూ చెప్పరు. అడిగిన మనిషి మీదే ముందు నేరం పడింది. నెహ్రూ సంస్కారి కాబట్టి దుర్గాబాయి గట్టెక్కింది. మా పిన్ని ఊళ్ళో అలాంటివాళ్ళు లేరు.

2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఇద్దరు పిల్లల నిబంధన తీసేసింది. స్త్రీలకి అన్యాయం జరిగిందని కాదు, జననాల రేటు పడిపోతోందని. 2025 జనవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఇంకో అడుగు ముందుకేసి, ఇద్దరికంటే ఎక్కువమంది పిల్లలున్నవాళ్ళే స్థానిక ఎన్నికల్లో పోటీ చేసేలా చెయ్యాలని మాట్లాడారు. ముప్ఫై ఏళ్ళ కింద ఎక్కువ కన్నందుకు అనర్హత, ఇకముందు తక్కువ కంటే అనర్హత! కుర్చీకీ కడుపుకీ ఉన్న ఈ లంకె మాత్రం తెగలేదు.

నిబంధన తీసేసిన వార్త చదివి పిన్నికి ఫోన్ చేశాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"అయితే ఏమే, ఇప్పుడు ఆ సర్టిఫికెట్ మార్పించుకోవచ్చంటావా?" అంది.

కనుక్కుంటానన్నాను. పాస్‌పోర్టు నుంచి పాన్ కార్డు దాకా వాడి కాగితాలన్నీ అమ్మ పేరు మీదే ఉన్నాయి. ఒకటి కదిపితే అన్నీ కదపాలి. పైగా అప్పట్లో రాయించింది అబద్ధమని అమ్మా పిన్నీ ఇద్దరూ ఒప్పుకోవాలి. అంటే ఇరవయ్యారేళ్ళ తర్వాత వాళ్ళ మీద ఇంకో ఫిర్యాదుకి తలుపు తీసినట్టే. ఈ మాట పిన్నికి ఇంకా చెప్పలేదు.