డేరా నుంచి బారు దాకా

కర్లపాలెం వాళ్లకి నైట్‌క్లబ్బు తెలిసింది సినిమా తెర మీదే. విలన్ గ్లాసు పట్టుకుని సోఫాలో కూర్చుంటే, ఎల్.ఆర్. ఈశ్వరి గొంతుకి జ్యోతిలక్ష్మి ఆడుతుంటే, ఆ రంగు లైట్ల లోకం ఏ మద్రాసులోనో బొంబాయిలోనో ఉందనుకున్నాం. మరి మనకి రాత్రి సరదాలు లేవా అంటే, తెనాలి, బాపట్ల, రేపల్లె మధ్య వాటికి కొదవే లేదు. కాకపోతే మన దగ్గర తాగే చోటు వేరు, ఆట చూసే చోటు వేరు.

తాగే చోటు తాటితోపు. గీత కార్మికుడు మోకు బిగించి తెల్లారకముందే చెట్టెక్కేవాడు. కుండ లోపల సున్నం రాస్తే గీసిన నీరు పులవదు, నీరాగానే ఉంటుంది. రాయకపోతే పొద్దెక్కేసరికి నురగ కట్టి కల్లవుతుంది. తాటాకు దొప్పలో పోయించుకుని గుటకేసి పనికి పోయేవాళ్లే ఎక్కువ.

ఆట చూసే చోటంటే తెనాలే. అక్కడి రామవిలాస సభ నాటకాల్లో, బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు సత్యభామగా రంగం మీదికొస్తే, ఆ నడకకీ చీరకట్టుకీ ఆడవాళ్లే ముచ్చటపడేవారట. కల్యాణం రఘురామయ్య పద్యం మధ్యలో ఈల అందుకుంటే ‘వన్స్‌మోర్’ కేకలు. హార్మోనియం పెట్టె మూసేసరికి తూరుపు తెల్లబడేది. చాపలు చుట్టుకుని బళ్లెక్కేవారు జనం. ఇంత రాత్రి ఏ క్లబ్బు ఇచ్చింది?

సర్కారు చూపు మాత్రం ఎప్పుడూ కుండ మీదే. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతా మద్యనిషేధం వచ్చింది. అయినా తాగుడు ఆగలేదు, చాటుకి పోయిందంతే. గీత కార్మికుల బతుకుల కోసం గౌతు లచ్చన్న పోరాడారు. 1954 నవంబరులో ఆ నిషేధం గొడవ మీదే టంగుటూరి ప్రకాశం మంత్రివర్గం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. కల్లుకుండ దెబ్బకి ప్రభుత్వం కూలిన చరిత్ర మనది!

తర్వాత నిషేధం సడలింది, సారా ఊరేగింది. 1980ల్లో ‘వారుణి వాహిని’ పేరుతో ప్యాకెట్లు గడప దాకా వచ్చాయి. అప్పటికి నాటకం డేరా పక్కనే రికార్డింగ్ డాన్సు వెలిసింది. తిరునాళ్లలో ట్రాక్టరు ట్రక్కే స్టేజీ, జనరేటరు రొద మధ్య సినిమా పాట, మైకులో చదివింపుల పేర్లు. తాగుడూ ఆటా ఒకచోట కలిసింది అక్కడే. దాన్ని తీపి జ్ఞాపకంగా రాయడానికి నాకు చెయ్యి రాదు. ఆడే పిల్ల పొట్టకూటికి ఆడేది, చూసేవాడు ఇంట్లో బియ్యం డబ్బులు విసిరేవాడు. ఆ డబ్బుల లెక్క అడగడానికే 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా కొట్ల మీదికి వెళ్లారు. 1993 అక్టోబరులో సారా పోయింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ నిషేధం తెచ్చారు. 1997లో చంద్రబాబు దాన్ని ఎత్తేశారు.

ఆ తర్వాత బార్లు వచ్చాయి, వైన్‌షాపు వెనక పర్మిట్ రూములొచ్చాయి. ఏసీ, మసక లైటు, ప్లేటులో మంచింగ్, గోడ మీద టీవీలో క్రికెట్. సినిమాలో చూసిన క్లబ్బుకి మనం చేరిన దూరం అంతే. పాడేవాళ్లు లేరు, ఆడేవాళ్లు లేరు, ఆడవాళ్లు అసలే లేరు. 2019లో షాపులు సర్కారు చేతికొచ్చి పర్మిట్ రూములు పోయాయి. 2024 అక్టోబరులో షాపులు మళ్లీ ప్రైవేటు వాళ్లవయ్యాయి. మందు ఎన్నిసార్లు పోయినా ఖజానా కోసం అన్నిసార్లూ తిరిగొచ్చింది.

ఆటకి ఆ అదృష్టం లేదు. వ్యసనం మనిషినెలా ముంచుతుందో చూపడానికి కాళ్లకూరి నారాయణరావు రాసిన ‘చింతామణి’ మన డేరాల్లో వందేళ్లు ఆడింది. సుబ్బిశెట్టి పాత్ర తమని కించపరుస్తోందని ఆర్యవైశ్యులు నొచ్చుకున్నారు, ఆ బాధలో న్యాయం లేకపోలేదు. కానీ 2022 జనవరిలో ఆ నాటకాన్ని నిషేధించిన రోజున, రాష్ట్రంలో మందు అమ్ముతున్నది ప్రభుత్వమే.